నీళ్ళమీది బావలు

"తువ్వాలేదే?"

"నీ మెడలోనే ఉంది బావా."

"అవునే."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఇంకా తెల్లవారలేదు. గుమ్మంలో నిలబడి, మెడలో వేలాడుతున్న తువ్వాలు తడుముకుని, నవ్వి, తల వంచుకుని బయటికి వెళ్ళాడు. నేను గంపలో ఎండు నెత్తళ్ళ చేపలు సర్దుతున్నాను, తల కూడా ఎత్తలేదు. మొగుడు రోజూ వేటకి వెళ్ళే ఇంట్లో ఎవరూ రోజూ తలెత్తి చూడరు. అలా చూస్తే అత్తయ్య ఊరుకునేది కాదు. "ఎందుకే అట్టా చూస్తావు, వాడేమన్నా పట్నం పోతన్నాడా" అనేది. వెళ్ళేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు, ఎప్పుడొస్తావని అడగకూడదు. అడగలేదు.

మొన్న పూరీ వెళ్ళి వస్తూ నా మనవరాలు లలిత నన్ను చిలకా సరస్సులో పడవ ఎక్కించింది. పూరీ నా కోరిక, పడవ దాని కోరిక. "డాల్ఫిన్లు చూద్దాం అమ్మమ్మా, అందరూ చూస్తారు" అంది. డాల్ఫిన్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఒంటికి నారింజరంగు బొంతలాంటిది కట్టి కూర్చోబెట్టారు. పడవ నడిపే ఆయన వచ్చీరాని తెలుగులో "డాల్ఫిన్ పక్కా, డాల్ఫిన్ పక్కా" అంటూ అటూ ఇటూ తిప్పుతున్నాడు. చాలాసేపు ఏమీ కనిపించలేదు. జనం విసుక్కున్నారు. ఒకాయన చిప్స్ పొట్లం విప్పుకుని, ఇవన్నీ మోసాలండీ, నేను ముందే చెప్పాను, అన్నాడు. అప్పుడు పడవ పక్కనే నీళ్ళు ఉబ్బాయి. బూడిదరంగు వీపు లేచి, ఫూ అని ఊపిరి వదిలి మునిగింది. మా వైపు వాటికన్నా దీని మొహం మొద్దుగా ఉంది, కానీ ఊపిరి మాత్రం అదే. పడవంతా చప్పట్లు. ఫోన్లన్నీ పైకి లేచాయి. నేను మొహం కొంగులో పెట్టుకున్నాను. లలిత నాకు కళ్ళు తిరిగాయనుకుని నీళ్ళు పట్టింది. అప్పటి నుంచి ఇంటికి వచ్చేదాకా ఏమైందని అడుగుతూనే ఉంది. నాకు సంతకం వరకే వచ్చు, అదీ అక్షరాలన్నీ విడివిడిగా. అందుకని నేను చెబుతాను, నువ్వు రాయి అన్నాను. మధ్యలో ప్రశ్నలు వెయ్యనని ఒట్టు పెట్టించుకున్నాను. ప్రశ్న వేస్తే ఆగిపోతాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

నేను పుట్టింది దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర పల్లెలో. నన్ను ఇచ్చింది మా అమ్మకి సొంత అన్న ఇంట్లో, బందరు దగ్గర పల్లెలో. మేనమామే మామగారు, మేనబావే మొగుడు. ఊహ తెలిసినప్పటి నుంచీ బావ అనే పిలిచాను, పెళ్ళయ్యాక ఆ పిలుపు మార్చాల్సిన పని పడలేదు. పేరు పెట్టి పిలవడం మా ఇళ్ళల్లో లేదు. రేషన్ కార్డు రాయడానికి వచ్చినాయన నీ భర్త పేరేంటమ్మా అని అడిగితే నేను పక్కింటి పిల్లను పిలిచి చెప్పించాను. చెప్పకూడదనే భయం కన్నా, ఆ పేరు నా నోటికి అలవాటు లేదు. నా నోట్లో ఆయనకి ఒకటే పేరు, బావ.

ఆ యింట్లో పొద్దు పులుసు వాసనతోనూ, అత్తయ్య చుట్ట వాసనతోనూ మొదలయ్యేది. అత్తయ్య చుట్టని నిప్పు లోపలికి పెట్టి కాల్చేది. పెదాలు మూసుకుని, మాట్లాడకుండా, ముక్కులోంచి పొగ వదులుతూ ఎండుచేపలు తిరగేసేది. మాట్లాడాల్సి వస్తే చుట్ట తీసి చేత్తో పట్టుకునేది. చుట్ట చేతిలోకి వచ్చిందంటే మాకు తిట్లు ఉన్నాయని అర్థం. ఇంటి ముందు ఇసకలో పాత వలలు పరిచి, వాటిమీద నెత్తళ్ళు, రొయ్యలు ఆరబోసేవాళ్ళం. కాకుల్ని తోలడం నా పని. ఎండిన సరుకు గంపలకెత్తుకుని బందరులో బస్సెక్కి గుడివాడ పోయేవాళ్ళం. కండక్టర్ గంపలు టాపు మీద పెట్టించేవాడు, అయినా మా చీరల వాసన మాతోనే లోపలికి వచ్చేది. పెడన దాటేదాకా ముందు సీట్లవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. అత్తయ్య నా చెవిలో, "చూడవే, ఆ ముక్కు మూసుకున్నామె రేపు మన దగ్గరే బేరమాడుద్ది" అనేది. నిజంగానే ఒకసారి ఆమె వచ్చి బేరమాడింది. అత్తయ్య ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

మావయ్యకి ఒక అలవాటు ఉండేది. తెప్ప నీళ్ళలోకి దించగానే ఒక చుక్క సముద్రాన్ని నాలిక మీద వేసుకునేవాడు. దాని రుచి బట్టి ఏటినీళ్ళు ఎంతదూరం వచ్చాయో చెప్పేవాడు. తెప్ప దిగి ఇంటికి వచ్చాక మాత్రం కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఆయనకి తెలిసేది కాదు. దానిమీద అత్తయ్య ఎన్ని మాటలనేదో లెక్కలేదు.

ఇప్పుడు బావల గురించి చెప్పాలి. లలిత చెప్పే డాల్ఫిన్లని మా పల్లెలో ఒడ్డు మీద సముద్రపు పందులనే వాళ్ళం. నీళ్ళమీదకి వెళ్ళాక ఆ మాట ఎవరూ అనరు. నీళ్ళమీద అది బావ. ఒకటి కనిపించినా పది కనిపించినా "బావ" అనే కేక వేస్తారు. ఎందుకంటే అది వలలోకి తల దూర్చి మంచి చేపని లాక్కుని పోతుంది, వల చింపుతుంది, కోపం వచ్చి కర్ర ఎత్తేలోపల దూరంగా లేచి నవ్వినట్టు చూస్తుంది. అక్క మొగుడు ఇంటికి వస్తే చేసే ఆగడాలన్నీ అవి చేస్తాయి. బావని తిట్టకూడదు కదా, సరసమాడి పంపాలి. అందుకని మగాళ్ళు తెప్ప మీద లేచి నిలబడి, "బావా, నీ వాటా తిన్నావు కదయ్యా, ఇంక మా అక్క కోసమైనా వెళ్ళు" అనేవాళ్ళట. మా బావే నాకు చెప్పాడు. చెప్పి, "నువ్వు కేకేస్తే మాత్రం నాలుగు వైపుల నుంచీ వస్తయ్యి, నువ్వు సముద్రం మీదకి రాకు" అన్నాడు. నేను సిగ్గుపడ్డాను. ఆడవాళ్ళని ఎటూ పడవ ఎక్కనివ్వరు.

ఇదంతా జరిగింది దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి యేడు. ఉప్పెనలో మా పుట్టిల్లు ఉన్న పల్లె మొత్తం పోయింది. అమ్మ, నాన్న, ఇద్దరు చెల్లెళ్ళు పోయారు. మోపిదేవి అవతల పెళ్ళికి వెళ్ళిన మా తమ్ముడు ఏడుకొండలు ఒక్కడే మిగిలాడు. నేను అప్పుడు చూలాలిని, శవాలున్న చోటికి వద్దని నన్ను కదలనివ్వలేదు. వాళ్ళని నేను వెతకలేదు. ఎవరో వెతికారు, ఎవరో పూడ్చారు. ఏడుకొండలు వచ్చి మా దగ్గరే ఉండిపోయాడు. అప్పటికి పడవలు కూడా పోయాయి. మావయ్య, బావ కలిసి నాలుగు దుంగలు చెక్కి తెప్ప కట్టారు. చెక్కుతున్నన్ని రోజులూ మా వాకిట్లో పచ్చి కర్ర వాసన. నా కూతురు, అంటే లలిత వాళ్ళమ్మ, ఆ చెక్కపొట్టులో పడుకునేది.

బావ అలా తువ్వాలు అడిగి వెళ్ళిన రోజు నేనూ అత్తయ్యా గుడివాడలో ఉన్నాం. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. కొట్ల ముందు కట్టిన పరదాలు పటపటలాడాయి. ఉప్పెన తర్వాత మా వైపు ఎవరికైనా గాలి అంటే భయమే. బేరం చేస్తున్నామె చేతిలో రొయ్యలు వదిలేసి ఆకాశం చూసింది. అత్తయ్య చుట్ట తీసి నేలకి రాసి ఆర్పింది. సగం సరుకు అక్కడే ఎవరికో ఇచ్చేసి బస్సెక్కాం. ఆ గాలి పెద్దది కాదు, సాయంత్రానికి పోయింది. పొద్దుగూకేసరికి తెప్పలన్నీ వచ్చాయి. మాది రాలేదు.

మర్నాడు పొద్దున్నే గిలకలదిండి రేవు నుంచి కబురొచ్చింది. ముందురోజు మావయ్య బదులు బావతో వెళ్ళిన పోలయ్యని ఒక లాంచి వాళ్ళు నీళ్ళలోంచి తీసి తెచ్చారు. పరుగున వెళ్ళాం. పోలయ్యని చేపల గోతాల మీద పడుకోబెట్టి ఉన్నారు, పెదాలు పగిలి, కళ్ళు ఉప్పుతో అంటుకుపోయి. నన్ను చూసి ఏడ్చాడు. మావయ్య పక్కన కూర్చుని, "చెప్పరా" అన్నాడు.

"తాళ్ళు తెగినయ్ మావా. తెప్ప విడిపోయింది. నేనో దుంగ, బావో దుంగ. అల మా ఇద్దర్నీ దూరం చేసింది. నేను చూస్తానే ఉన్నా, తూరుపు పక్కకి పోయాడు. ఆయన చుట్టూ బావలు తిరుగుతున్నయ్. నా దగ్గరికి ఒక్కటీ రాలా."

"తిరుగుతున్నయ్యా? నువ్వు చూశావా?"

"కళ్ళారా చూశా. ఆ దుంగకి రెండు పక్కలా."

మావయ్య మొహం మారిపోయింది. మా పల్లెలో పెద్దవాళ్ళు ఒక మాట చెప్పేవాళ్ళు, నీళ్ళలో పడ్డ మనిషిని బావలు వదిలిపెట్టవని, తెల్లారేదాకా కాపలా ఉంటాయని. నిజమో కాదో నాకు తెలియదు. ఆ పొద్దున మాకు అది నిజం కావాలి. మావయ్య లేచి, లాంచి నడిపే మస్తాన్ గారి దగ్గరికి వెళ్ళాడు. పోలయ్యని తీసింది ఆయనే. బందరు ఆయన, మావయ్య ఈడువాడు, గడ్డం సగం నెరిసింది.

"మస్తానూ, మనిషిని వెతకొద్దు. ఇంత సముద్రంలో తల కనపడదు. బావల్ని వెతుకుదాం. అవి ఎక్కడుంటే వాడు అక్కడుంటాడు."

"ఎక్కు. ఇంకేం మాట్లాడకు" అన్నాడు ఆయన.

నేను వాళ్ళకన్నా ముందు వెళ్ళి లాంచిలో కూర్చున్నాను. ఒడ్డు మీద మగాళ్ళంతా గోల పెట్టారు. ఆడది ఎక్కితే ఇంజను ఆగిపోతుందని ఒకడు, దిగమ్మా పసిపిల్ల తల్లివి అని ఒకడు. నేను లాంచి అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. మా అమ్మావాళ్ళప్పుడు నన్ను వెళ్ళనివ్వలేదు, ఈసారి నన్ను లాగితే చెయ్యి ఊడి రావాలి గానీ నేను దిగను అన్నాను. అందరూ అత్తయ్య వైపు చూశారు. ఆమె నోట్లో చుట్ట లేదు, చేతిలోనూ లేదు.

"ఎక్కనీండి. ఇంకా చెడటానికి ఏముందని" అంది. పిల్లని నా దగ్గర్నుంచి తీసుకుని చంకనేసుకుంది.

లాంచిలో నలుగురం. మస్తాన్ గారు చక్రం దగ్గర, మావయ్య ఒక పక్క, నేను ఒక పక్క, ఏడుకొండలు ముందు కొసన కొయ్య పట్టుకుని నిలబడ్డాడు. ఒడ్డు సన్నగా అయి, గీతలా అయి, పోయింది. నేను పుట్టింది సముద్రం పక్కన, పెరిగింది దాని ఉప్పు తింటూ, కానీ ఒడ్డు లేని సముద్రాన్ని అప్పుడే చూశాను. ఇంత ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. బావ రోజూ ఇందులోకి వచ్చి, సాయంత్రం ఇంటికి వచ్చి, మెడ కడుక్కుని, పిల్లని ఎత్తుకుని, ఏమీ ఎరగనట్టు అన్నం తినేవాడా అనిపించింది. రొమ్ముల్లో పాలు నిండి రవిక తడిసింది. ఎండకి ఆ తడి ఆరి గట్టిపడి, మళ్ళీ తడిసేది.

బావలు లేవు. ఎటు చూసినా నీళ్ళే. పక్షులు వాలిన చోటికి వెళ్ళాం, చేపల గుంపు నీళ్ళని నల్లగా చేసిన చోటికి వెళ్ళాం. మావయ్య మధ్య మధ్యలో చెయ్యి ముంచి నాలిక మీద వేసుకునేవాడు, తల అడ్డంగా ఊపేవాడు, ఇంకా తూరుపుకి అనేవాడు. ఏడుకొండలు ఊరికే ఉండలేడు, భయం వేసేకొద్దీ వాగుతాడు.

"వొద్దన్న రోజున వలలన్నీ చింపుతారు. పిలిచిన రోజున పెళ్ళివారి మల్లే బెట్టు చేస్తన్నారు. ఏం మావయ్యా, తాంబూలం పంపాలా?"

"నోరు ముయ్యరా" అన్నాడు మావయ్య. అన్నా కూడా ఆయన పెదాలు కాస్త కదిలాయి. మా బావ ఉంటే పగలబడి నవ్వేవాడు.

మావయ్య కొడుకుని పేరు పెట్టి పిలుస్తున్నాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి. ఏడుకొండలు "బావో" అంటున్నాడు. నేనూ లేచి నిలబడి "బావా" అని కేక పెట్టాను. మస్తాన్ గారు తల తిప్పి నా వైపు చూసి, మళ్ళీ తిప్పుకున్నారు. నాకు అర్థం కాలేదు. కాసేపటికి మావయ్య వచ్చి నా పక్కన కూర్చుని, నా మొహం చూడకుండా అన్నాడు, "అట్టా పిలువమ్మా, పిలువు. అవన్నా వింటయ్." అప్పుడు తెలిసింది. నా మొగుణ్ణి పిలవడానికి నాకున్న ఒక్క మాటా, ఆ నీళ్ళమీద చేపలది.

పొద్దు నడినెత్తికి వచ్చాక మస్తాన్ గారు ఇంజను ఆపారు. నమాజు వేళయిందని, లాంచిలో తెచ్చుకున్న మంచినీళ్ళతో చేతులూ మొహమూ కడుక్కున్నారు. నాకు ఒళ్ళు మండింది. నా మొగుడు నీళ్ళలో ఉంటే ఇప్పుడా అనిపించింది. ఆయన చాప పరుచుకుని వంగారు. ఇంజను చప్పుడు పోయేసరికి సముద్రం మొత్తం ఒక్కసారి వినిపించింది. నీళ్ళు లాంచిని నాకుతున్న చప్పుడు, తాడు కిర్రుమంటున్న చప్పుడు. ఆ తర్వాత దూరంగా ఊపిరి. మనిషి నీళ్ళలోంచి తల పైకెత్తి, ముక్కులోని నీళ్ళు చీది, గుండెనిండా గాలి పీల్చుకున్నట్టు. ఫూ. మళ్ళీ.

కొసన నిలబడ్డ ఏడుకొండలు గట్టిగా అరిచాడు.

"బావ. అక్కా, బావ. అదుగో బావ."

నేను లేచానో ఎగిరానో తెలియదు. వలల మీద పడుతూ, గోతాలు తొక్కుతూ ముందుకి పరిగెత్తాను. "ఎక్కడరా, ఎక్కడ, లేచి ఉన్నాడా, చెయ్యి ఊపుతున్నాడా?" అంటున్నాను. లాంచి అంచు దాటి ఒక కాలు బయటికి వేశాను. ఏడుకొండలు నడుం పట్టుకోకపోతే నీళ్ళలోనే ఉండేదాన్ని. వాడు చూపించిన వైపు చూశాను. నల్లటి వీపు లేచింది, మెరిసింది, మునిగింది. దాని పక్కన ఇంకోటి.

ఏడుకొండలు నా నడుం వదల్లేదు. వాడికీ మా బావ బావే కదా. వాడు పుట్టినప్పటి నుంచీ పిలిచింది అలాగే. ఆ కేక నా చెవిలో ఎలా పడిందో వాడికి అప్పుడు అర్థమైంది. నన్ను కూర్చోబెట్టి, తన నోటిమీద తనే కొట్టుకున్నాడు, ఒకసారి, రెండుసార్లు. "నేను వాటిని అన్నానక్కా. వాటిని అన్నా." మావయ్య వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాడు. మస్తాన్ గారు నమాజు సగంలో లేచి ఇంజను తిప్పారు.

వాటి వెంట పడ్డాం. అవి పారిపోలేదు. ఒక చోటే గుండ్రంగా తిరుగుతున్నాయి. దగ్గరకి వెళ్ళేకొద్దీ వాటి మధ్యలో ఏదో తేలుతోందని తెలిసింది. మావయ్య కొడుకు పేరు పిలుస్తూ కొసకి వెళ్ళాడు. అది దుంగ. మా వాకిట్లో చెక్కిన దుంగ, ఒక చివర మావయ్య బాడిస దెబ్బ లోతుగా పడి పగిలితే బావ దానికి కొబ్బరితాడు బిగించి ముడి వేశాడు, ఆ ముడి అలాగే ఉంది. దుంగ మీద ఎవరూ లేరు. ఒక బావ వచ్చి దాన్ని ముక్కుతో తోసింది. దుంగ ఒకసారి తిరిగి, మళ్ళీ ఎప్పటిలాగే తేలింది.

మావయ్య వంగి ఆ ముడి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నాంచారీ, నువ్వు పిలువమ్మా."

"ఏమని పిలవను మావయ్యా. బావా అంటే అవే వస్తున్నాయి."

"పేరు పెట్టి పిలువు. పెళ్ళాం పేరు పెట్టి అరిచిందని కోపమొచ్చైనా పలుకుతాడు."

ఆ మాట అంటూ ఆయన ఏడవలేదు. నిజంగానే అన్నాడు, ఆ ఉపాయం పారుతుందన్నట్టే. మస్తాన్ గారు ఇంజను ఆపి, తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నారు. ఏడుకొండలు వీపు తిప్పుకున్నాడు. నేను అంచు పట్టుకుని నిలబడి నోరు తెరిచాను. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి సగం వచ్చింది. మూడోసారి మొత్తం పేరు అరిచాను. నా చెవులకే అది ఎవరో పరాయి మగాడి పేరులా వినిపించింది. సిగ్గు వేసింది. మొగుడు చచ్చాడో బతికాడో తెలియని చోట నిలబడి నాకు సిగ్గు వేసింది, చూడండి. ఆ తర్వాత సిగ్గు పోయింది. గొంతు పోయేదాకా అరిచాను. ఇప్పటికీ నా గొంతు ఇలా గరగరలాడటం ఆ రోజు మొదలైందే.

ఎవరూ పలకలేదు. బావలు కాసేపు అటూ ఇటూ తిరిగి, ఒకదాని వెనక ఒకటి తూరుపుకి వెళ్ళిపోయాయి.

"వాటి వెంట పోనివ్వండి. ఇంకొంచెం దూరం" అన్నాను.

"అమ్మా, ఉన్న నూనె ఒడ్డు చేరడానికే సరిపోద్ది" అన్నారు మస్తాన్ గారు.

నేను ఆయన కాళ్ళ మీద పడ్డాను. అవి దుంగని వదిలాయంటే మనిషి దగ్గరికే వెళ్తున్నాయి, నాకు తెలుసు, అటు పోనివ్వండి, మేము ముగ్గురం మునిగినా పర్వాలేదు అన్నాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని, "అట్టా పట్టుకోకు తల్లీ, నేనేమైపోవాలి" అంటూ మావయ్య వైపు చూశారు. చక్రం ఎటు తిప్పాలో చెప్పాల్సింది ఆయనే. తూరుపుకి తిప్పితే కోడలూ, కోడలి తమ్ముడూ, పరాయి ఇంటి పెద్దాయనా, అందరూ పోతారేమో. పడమరకి తిప్పితే కొడుకు. మావయ్య నీళ్ళలో చెయ్యి ముంచాడు. నాలిక మీద వేసుకోలేదు. ఆ చెయ్యి అలాగే మొహానికి రాసుకున్నాడు.

"తిప్పు మస్తానూ" అన్నాడు. "ఇంటి పక్కకి తిప్పు."

దుంగని లాంచి వెనక కట్టుకుని తెచ్చాం. ఒడ్డు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అత్తయ్య పిల్లతో అక్కడే, పొద్దున మేము వదిలిన చోటే కూర్చుని ఉంది. పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. లేపి పాలు పట్టాను. నా కొడుకు ఏడని అత్తయ్య ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ నన్ను అడగలేదు. నా గాజుల జోలికి చాలాకాలం ఎవర్నీ రానివ్వలేదు. పెద్దలు వచ్చి జరగాల్సింది జరిపించమంటే చుట్ట చేత్తో పట్టుకుని, "మనిషిని చూపించండి, అప్పుడు పగలగొడతా" అనేది. చివరికి వాటిని ఎవరూ పగలగొట్టలేదు. ఒంట్లో బలం తగ్గి చెయ్యి సన్నబడ్డాక వాటంతట అవే జారిపోయాయి.

ఆ రోజు తర్వాత మా పల్లెలో ఒక మాట పోయింది. మావయ్య తెప్పల దగ్గరికి వెళ్ళి, ఇక నుంచి నీళ్ళమీద ఎవరూ వాటిని ఆ పేరుతో పిలవద్దన్నాడట. పేరు లేకుండా ఎట్టా మావా అంటే, చెయ్యి చూపించండి చాలు అన్నాడట. అప్పటి నుంచి మా వాళ్ళు వాటిని చూస్తే చెయ్యి చాపి ఊరుకుంటారు. ఏడుకొండలు మనవడు ఇప్పుడు బోటు మీద వెళ్తున్నాడు. వాడూ అలాగే చెయ్యి చాపుతాడు. ఎందుకురా అంటే, ఏమో నాయనమ్మా, మన వాళ్ళు అంతే, అంటాడు. ఆ మాట నాకు వదిలేశారు. తీసుకుని ఎవర్ని పిలవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు గాలి రాబోతోందని ముందే ఫోన్లో వస్తుంది. బోటు ఎక్కడుందో చూపించే పెట్టెలున్నాయి. మనిషి నీళ్ళలో పడితే వెతకడానికి హెలికాప్టర్ కూడా వస్తుందంటారు. మంచిదే. ఆ నాడు ఇవన్నీ ఉంటే నాకు ఇంకో ముప్పై నలభై ఏళ్ళు పక్కన మనిషి ఉండేవాడేమో, ముసలాడై నాతో తగువులాడేవాడేమో. చిలకా పడవలో ఆ జనాన్ని చూస్తే నాకు కోపం రాలేదు. వాళ్ళు కూడా వాటికోసమే వెతికారు, కనిపిస్తే చాలనుకున్నారు, కనిపించాయి, చప్పట్లు కొట్టారు. మేమూ వాటికోసమే వెతికాం, మాకూ కనిపించాయి. వాళ్ళు తిరిగి వెళ్ళి హోటల్లో అన్నం తిన్నారు. నేను మాత్రం ఆ పడవలో కొంగులో మొహం పెట్టుకుని, నోరు గట్టిగా మూసుకున్నాను. తెరిస్తే ఏ మాట వస్తుందోనని భయం. బావా అంటే అవి వస్తాయి. పేరు పెట్టి పిలిస్తే, ఆ రోజులాగే ఎవరూ రారు. ఆ లాంచి దిగాక ఆ పేరు నేను మళ్ళీ అనలేదు. నీకు కూడా చెప్పలేదు లలితా, మీ అమ్మ సర్టిఫికెట్ల మీద చూసి నువ్వే తెలుసుకున్నావు.

రాశావా తల్లీ అంతా? ఏడవకు, కాగితం తడుస్తుంది. ముందు మొహం కడుక్కునిరా. వచ్చి నా పక్కన కూర్చుని మొదటి నుంచి చదువు. నేను బావ అన్నచోటల్లా మీ తాతయ్య పేరు పెట్టి చదువు. ఏది మనిషో ఏది చేపో నీకు తెలుస్తుందిలే. కాస్త గట్టిగా చదువు, వింటాను.